సంతకానికి ముందు ఒకసారి వాగు దాకా నడవండి

మన ఊళ్ల భవిష్యత్తును ఇప్పుడు తెర మీద గీస్తున్నారు. కాలనీ ఎక్కడ రావాలి, పరిశ్రమలు ఎక్కడ పెట్టాలి, వంద అడుగుల రోడ్డు ఎవరి పొలంలోంచి పోవాలి, చెత్త డంపింగ్ యార్డు ఏ ఊరి పక్కకు చేరాలి... వీటన్నిటికీ తొలి గీత పడుతున్నది వెబ్ మ్యాపుల మీదే. ఆఫీసులో భువన్ తెరుస్తారు, గూగుల్ ఎర్త్ తెరుస్తారు, ఒక లేయరు మీద ఇంకో లేయరు వేస్తారు, రంగులు వస్తాయి. ఆ రంగులే రేపు జోన్లవుతాయి. ప్లాటు కొనే కుటుంబమూ అదే చేస్తోంది. వాట్సాప్‌లో వచ్చిన లొకేషన్ నొక్కి, చుట్టూ ఖాళీగా, పచ్చగా ఉందని మురిసిపోయి అడ్వాన్సు ఇచ్చేస్తోంది.

ఈ పరికరాలు చెడ్డవని నేననను. 2009 ఆగస్టులో ఇస్రో భువన్‌ను తెచ్చినప్పుడు ఎంతో సంతోషించాం. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నుంచి వచ్చిన ఆ సేవ వల్ల, అంతవరకు అధికారుల బీరువాల్లో ఉన్న సమాచారం మామూలు మనిషి కంటి ముందుకు వచ్చింది. అది మంచిదే. నా భయమల్లా ఒక్కటే. తెర మీద చూసినదాన్నే నేల అనుకుని, నేల దగ్గరకు ఎవరూ వెళ్లకుండానే సంతకాలు పడిపోతున్నాయి. ఆ సంతకం తప్పయితే సంగతి పదేళ్ల తర్వాత ఏదో ఒక రాత్రి, వానలో బయటపడుతుంది. అప్పటికి సంతకం పెట్టిన అధికారి బదిలీ అయి ఉంటారు. మ్యాపు గీసిన కన్సల్టెంటు వేరే ప్రాజెక్టులో ఉంటారు. నడుము లోతు నీళ్లలో నిలబడేది ఇల్లు కట్టుకున్నవాళ్లు.

విజయవాడ మునిగిన 2024 సెప్టెంబరు 1ని దయచేసి మరిచిపోవద్దు. మ్యాపు తెరిచి బుడమేరును వెతకండి. మైలవరం కొండల వైపు నుంచి దిగి వెలగలేరు రెగ్యులేటరు దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి డైవర్షన్ ఛానెల్ ఇబ్రహీంపట్నం వైపు తిరిగి, ప్రకాశం బ్యారేజీకి పైన కృష్ణలో కలుస్తుంది. బుడమేరు పాత దారి మాత్రం విజయవాడ మీదుగా కొల్లేరుకు పోతుంది. తెర మీద అదొక సన్నని గీత. ఎండాకాలం చిత్రమైతే గుర్రపుడెక్క కమ్మిన మురుగు కాలువ. అటూ ఇటూ ఇళ్లు, రోడ్లు, బడులు. అది చూసి ఇక్కడ నది ముంచుతుందని ఎవరనుకుంటారు?

ఆ గీత చెప్పలేనివి రెండున్నాయి. కృష్ణ నిండుగా పారుతుంటే డైవర్షన్ ఛానెల్ నీళ్లు నదిలోకి దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. ఆ వరదలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అటు నది పొంగి ఉంది, ఇటు కొండల నుంచి బుడమేరు విరుచుకుపడింది. ఛానెల్ గట్టుకు గండ్లు పడ్డాయి. గట్టు తెంచుకున్న నీళ్లు కొత్త దారి వెతుక్కోలేదు, పాత దారినే పట్టాయి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, వాంబే కాలనీ మునిగాయి. జనం డాబాల మీద రోజుల తరబడి మంచినీళ్ల కోసం ఎదురుచూశారు. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. పల్లం ఎటో, వాన పడితే నీళ్లు ఎటు పోతాయో అక్కడి పాతవాళ్లకు తెలుసు. ఆ ఎరుక ఏ లేయరులోనూ లేదు.

అందుకే, మ్యాపు చూపించి ఎవరైనా మిమ్మల్ని ఒప్పించబోతే మొదట అడగాల్సింది చిత్రం తేదీ. మనకు కనిపించే ఉపగ్రహ చిత్రాల్లో చాలామటుకు మబ్బులేని రోజుల్లో తీసినవే. మన దగ్గర మబ్బులేని రోజులంటే వాన లేని నెలలు. వాగు ఎండి, చెరువు అడుగంటి, శిఖం భూమిలో, అంటే చెరువు కడుపులో, జొన్నచొప్ప కోసుకుంటున్న రోజుల్లో తీసిన ఫొటో పట్టుకుని, వానాకాలం సంగతి తేలుస్తున్నామన్నమాట. ఒకే తెర మీద పక్కపక్కన అతికిన ముక్కలు వేర్వేరు ఏళ్లవి కూడా అయి ఉండొచ్చు. అతుకు కంటికి కనబడదు.

కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ తెరిస్తే పాత చిత్రాలు చూసే వీలుంది. మీరు కొనబోయే చోటికి వెళ్లి ఏళ్లు వెనక్కి జరపండి. వాన బాగా పడిన ఏడాది అక్టోబరు, నవంబరు చిత్రాలు దొరుకుతాయేమో చూడండి. చెరువును ఎలా పట్టుకోవాలో చెబుతాను. పల్లపు వైపు ఒక కట్ట ఉంటుంది. పై నుంచి చూస్తే కాస్త వంపుతో సాగే ముదురు గీత, దాని పొడవునా తాటిచెట్ల తలలు, వాటి నీడలు. కట్టకు కింది వైపు తూము నుంచి సాగే పచ్చని పట్టీ, అది ఆయకట్టు. కట్టకు ఒక చివర రాతితో కట్టిన తెల్లని మచ్చలాంటిది అలుగు. అలుగు కింద నుంచి వాగు మొదలవుతుంది. కట్టకు పై వైపు, ఎండిన నేలగా కనిపించే ఆ విశాలమైన మైదానమే చెరువు కడుపు. పిల్లలు క్రికెట్ ఆడుకునే పిచ్‌లు, బండి జాడలు కనిపిస్తున్నాయని అది మైదానమైపోదు. మీ ప్లాటు కట్టకు పై వైపు పడినా, అలుగు కింద వాగు దారిలో పడినా అక్కడే ఆగిపోండి. ఇంకెవరి మాటా వినకండి.

ఆ తర్వాత సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు చూడండి. 1:50,000 స్కేలులో ఉంటాయి, ఏడాది పొడవునా నీళ్లుండే చెరువులు, వాగులు నీలంగా, ఎండిపోయేవి నల్లగీతలతో ఉంటాయి. ఇవాళ్టి చిత్రంలో ఇళ్లు కనిపించే చోట పాత షీటులో చెరువో వాగో ఉందంటే అది చెరగని సాక్ష్యం. రెండు మ్యాపులనూ పక్కపక్కన పెట్టి చూడటానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. ఇరవై ఏళ్ల బ్యాంకు వాయిదాలు కట్టబోయే ఇంటికి ఒక మధ్యాహ్నం ఎక్కువేమీ కాదు.

హైదరాబాద్ 2020 అక్టోబరు 13 రాత్రి ఏం చూసిందో గుర్తు తెచ్చుకోండి. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వానల్లోనే పాతబస్తీ వైపు చెరువులు తెగి హఫీజ్‌బాబానగర్ లాంటి బస్తీలు నీళ్లపాలయ్యాయి. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పారితే కిందిచెరువులోకి, అది నిండితే ఇంకా కిందికి. మధ్యలో ఒక కాలువను పూడ్చి లేఅవుట్ వేస్తే మ్యాపులో పోయేది ఒక చిన్న గీతే. నేల మీద మాత్రం రెండు చెరువుల మధ్య నీటి దారి పోతుంది. చెరువుల లేయరు చూసి తృప్తిపడే అధికారులను నేను వేడుకునేది ఇదే. చెరువుల మధ్య ఉన్న కాలువల లేయరు అడగండి. అది లేకపోతే లేదని ఫైలులో రాయండి. రాయకపోతే కాలువే లేదని తర్వాతివాళ్లు అనుకుంటారు.

ఇక ఎత్తుల సంగతి. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే.

వెబ్ మ్యాపు మీద ఎక్కడ వేలు పెట్టినా సముద్రమట్టానికి ఇన్ని మీటర్లని అంకె వస్తుంది. అంకె కనిపించగానే మనకు నమ్మకం కుదురుతుంది. ఆ అంకె ఎక్కడిదో అడగండి. ప్రపంచమంతా ఉచితంగా వాడే ఎత్తుల డేటాలో పెద్ద భాగం 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక పదకొండు రోజులపాటు రాడార్‌తో కొలిచినది. అప్పటికి హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు లేదు. దాని కట్టలు లేవు. పోలవరం కుడి కాలువ గట్లు లేవు. ఆ తర్వాత మట్టి పోసి ఎత్తు చేసిన వెంచర్లు లేవు. ఇవాళ నీళ్లకు అడ్డం నిలిచేవి సరిగ్గా అవే. పైగా ఆ రాడార్ చాలాచోట్ల నేలను కాకుండా చెట్ల కొమ్మల్ని, ఇళ్ల కప్పుల్ని కొలిచింది. మామిడితోట ఉన్నచోట నేల ఎత్తుగా ఉన్నట్టు చూపిస్తుంది.

మన కార్టోశాట్ ఉపగ్రహ చిత్రాల నుంచి తయారై, ఉచితంగా దొరికే ఎత్తుల డేటా కార్టోడెమ్‌కు చెప్పుకున్న ప్రమాణం ప్రకారమే ఎత్తులో 8 మీటర్ల దాకా తేడా రావచ్చు. కొండలున్న చోట, పెద్ద నదీ పరీవాహకాలు గీసేటప్పుడు ఆ తేడా ఫర్వాలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో అదే తేడా ప్రాణాంతకం. కొల్లేరును చూడండి. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించిన +5 అడుగుల కాంటూరు లోపల విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకెక్కిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు, అది +10 అడుగుల కాంటూరు దాకా లెక్క. మధ్యలో తేడా అయిదడుగులు, అంటే మీటరున్నర. ఆ మీటరున్నర ఎత్తులో దాదాపు 600 చదరపు కిలోమీటర్ల నేల నీటికి లోపలికో బయటికో పోతుంది. అలాంటి నేల మీద ఎనిమిది మీటర్లు అటూ ఇటూ అయ్యే డేటాతో ముంపు రేఖ గీస్తే ఆ గీతకు విలువేముంది? డెల్టాలో ఏ ప్రణాళికకైనా లెవెలింగ్ చేయించాలి. డ్రోన్‌తోనో, లైడార్‌తోనో, కనీసం పాత పద్ధతిలో లెవెల్ స్టాఫ్ పట్టుకునో నేలను కొలిపించాలి. ఖర్చవుతుంది. ఒక్క వరదలో కొట్టుకుపోయే సామాను విలువతో పోల్చి చూసుకోండి, అంతే.

గీతల మందం గురించి కూడా ఎవరూ మాట్లాడరు. 1:50,000 మ్యాపు మీద ఒక మిల్లీమీటరంటే నేల మీద 50 మీటర్లు. అయిదో వంతు మిల్లీమీటరు, అంటే సన్నని పెన్ను గీత కూడా 10 మీటర్లు మింగుతుంది. ఆ మ్యాపును కంప్యూటర్లోకి ఎక్కించి జూమ్ చేస్తే గీత పదునుగా, ఒక్క సెంటీమీటరు కూడా తప్పనట్టు కనిపిస్తుంది. జూమ్ పెరిగినంత మాత్రాన నిజం పెరగదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనలు, అందరూ జీవో 168 అంటారు, ఏం చెబుతున్నాయి? పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం రేఖ) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పున్న వాగుకు, నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు. గీత మందమే పది మీటర్లయితే తొమ్మిది మీటర్ల బఫర్ ఎక్కడ మొదలైందో ఎవరు చెప్పగలరు? ఫోన్ పట్టుకుని ప్లాటులో నిలబడితే, ఆకాశం తేటగా ఉన్నా జీపీఎస్ చుక్క అయిదు మీటర్లు పక్కకు జరగొచ్చు. భవనాల మధ్య ఇంకా ఎక్కువ.

ఎఫ్‌టీఎల్ అంటే అలుగు మట్టానికి నీళ్లు నిండితే చెరువు అంచు ఎక్కడికి వస్తుందో ఆ రేఖ. ఎండాకాలం చిత్రంలో కనిపించే నీటి అంచు చుట్టూ మౌస్‌తో గీసిన పాలిగాన్ ఎఫ్‌టీఎల్ కాదు. ఈ రెండింటినీ కలగలిపి చూపే మ్యాపులు చెలామణీలో ఉన్నాయి. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చెరువుల మ్యాపుల్లోనే ప్రాథమిక నోటిఫికేషన్ దశలో ఉన్నవి వేరు, తుది నోటిఫికేషన్ అయినవి వేరు. ఆ తేడా చూసుకోకుండా కొన్నారంటే, రేపు కొలత మారినప్పుడు మీ గోడ ఎటువైపు పడుతుందో చెప్పలేం. 2024 జులైలో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడిన తర్వాత జరిగిన కూల్చివేతలు చూశాం. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయనుకున్న కుటుంబాలు సామాన్లతో రోడ్డు మీద నిలబడటం చూశాం. ఆ చర్య మంచా చెడా అన్న వాదన ఇక్కడ పెట్టను. ఆ ఇళ్లు అక్కడ లేవకముందే ఎవరో ఒకరు కాదని చెప్పి ఉండాల్సింది. ఆ మాట చెప్పాల్సిన చోట, అధికారులారా, ఇప్పుడు మీరున్నారు.

ఈ మ్యాపులు తయారుచేసే జీఐఎస్ ల్యాబుల్లో పనిచేసే పిల్లలకు ఒక మాట. బాబూ, తల్లీ, మీ చేతిలో చాలా శక్తి ఉంది. ఏ స్థలం దేనికి తగునో తేల్చడానికి మీరు వాడే పద్ధతి నాకు తెలుసు. రోడ్డుకు దగ్గరగా ఉంటే ఇన్ని మార్కులు, విద్యుత్తు లైనుకు ఇన్ని, ప్రభుత్వ భూమికి ఇన్ని, వాలుకు ఇన్ని, ముంపుకు ఇన్ని. ప్రతిదానికీ ఒక బరువు వేసి కలుపుతారు. చివరికి మ్యాపు ఆకుపచ్చ, పసుపు, ఎరుపుగా వస్తుంది. పై అధికారి చూసేది ఆ రంగులనే. ముంపుకు పదో పదిహేనో శాతం బరువిచ్చారనుకోండి. స్థలం రోడ్డు పక్కనే ఉంది, లైను పక్కనే ఉంది, సర్కారు భూమి, చదునుగా ఉంది. అన్నిట్లో మంచి మార్కులు పడతాయి. ముంపులో సున్నా వచ్చినా మొత్తం మీద ఆకుపచ్చే వస్తుంది. పాయసంలో విషం చుక్క పడితే, పంచదార, జీడిపప్పు, నెయ్యి సమపాళ్లలో ఉన్నాయి కదా అని గిన్నెకు ఎనభై అయిదు మార్కులు వేస్తామా?

ఇంకో సంగతి గమనించండి. మన దగ్గర చదునుగా, రోడ్డు పక్కన, ఎవరి ఇల్లూ లేకుండా మిగిలిన సర్కారు భూమి ఎందుకు మిగిలింది? చాలాచోట్ల అది చెరువు శిఖమో, వాగు పోరంబోకో కాబట్టి. అంటే మీ లెక్క మంచి మార్కులు వేసే గుణాలే ముంపు నేలకు ఆనవాళ్లు. ముంపు, చెరువు, నాలా, కొండచరియలు, హైటెన్షన్ లైన్లు, ప్రమాదకర పరిశ్రమలు... వీటికి బరువులు వేయకండి. ముందే తీసి పక్కన పెట్టండి. ఇవి తగిలిన స్థలం లెక్కలోకే రాకూడదు. మిగిలిన నేల మీదే మీ మార్కులు వేసుకోండి. బరువులు ఎవరు నిర్ణయించారో, ఎందుకో మ్యాపు మూలనే రాయండి. బరువులు కాస్త మార్చి మళ్లీ నడపండి. అయిదు శాతం మార్చగానే ఊరు ఎరుపు నుంచి పచ్చకు మారిపోతే, ఆ మ్యాపును ఎవరి బల్ల మీదా పెట్టకండి.

చిన్నవిగా కనిపించే మెలికలు ఇంకా ఉన్నాయి. వెబ్ మ్యాపులన్నీ దాదాపు ఒకే రకం చదును పద్ధతిలో ఉంటాయి, వెబ్ మెర్కేటర్ అంటారు. భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ అది విస్తీర్ణాన్ని సాగదీస్తుంది. ఆ చదును మీదే నేరుగా కొలిస్తే హైదరాబాద్ దగ్గర 100 ఎకరాల నేల దాదాపు 110 ఎకరాలుగా వస్తుంది. కొన్ని పరికరాలు దీన్ని సరిచేసి చూపిస్తాయి, కొన్ని చూపించవు. నష్టపరిహారం లెక్కలు దీని మీద నడిస్తే ఎవరి గతి ఏమిటి? పాత టోపోషీట్ల కొలతకు ఆధారం ఎవరెస్టు గోళం, జీపీఎస్ వాడేది వేరే ఆధారం. సరైన మార్పిడి లేకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే వాగు వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. వాగు పక్కింటివాడి సర్వే నంబరులోకి వెళ్లిందంటే సాఫ్ట్‌వేర్‌ను నమ్మకండి, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) తీయించి సర్వేయరును పిలిపించండి.

వరద మ్యాపుల విషయంలోనూ జాగ్రత్త. ఉపగ్రహం ఆ చోటి మీదుగా పోయిన గంటలో కనిపించిన నీళ్లే అందులో ఉంటాయి. రాత్రి రెండింటికి వచ్చి తెల్లారేసరికి తగ్గిపోయిన వరద ఆ మ్యాపుకు చిక్కకపోవచ్చు. మబ్బుంటే మామూలు కెమెరా ఏమీ చూడలేదు, రాడార్ ఉపగ్రహం కావాలి. మ్యాపులో పొడిగా ఉందంటే ఎన్నడూ మునగలేదని కాదు. వందేళ్లకోసారి వచ్చే వరద సంగతి అయిదేళ్ల చిత్రాలు చెప్పలేవు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఎంత దూరం వచ్చిందో తెలియాలంటే ఉపగ్రహం పనికిరాదు, పాత రికార్డులు తిరగేయాలి. ఆ విలయం తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆయన ముందు ఉపగ్రహ చిత్రం లేదు. వాన లెక్కలున్నాయి, పరీవాహకంలోని చెరువుల లెక్క ఉంది.

మ్యాపు పాతబడటం ప్రాణాలు తీస్తుందనడానికి 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర జరిగిన ఘోరం చాలు. రామగంగ నది మీది వంతెన ముందుభాగం వరదకు కొట్టుకుపోయింది. ఆ సంగతి దారి చూపే మ్యాపుకు ఎక్కలేదు. ఆ మ్యాపును నమ్మి వెళ్లిన కారు నదిలో పడి ముగ్గురు చనిపోయారు. వంతెన ముందు అడ్డుకట్టా లేదు. ఒక కారుకు జరిగింది రేపు ఒక కాలనీకి జరగకుండా చూసుకోవాలి.

మ్యాపులో 'ఖాళీ' అని కనిపించేదాని గురించి మరీ ఎక్కువ జాగ్రత్త అవసరం. ఉపగ్రహ చిత్రానికి చిట్టడవి, రాతినేల, గడ్డిబీడు అన్నీ బంజరుగానే కనబడతాయి. గొర్లకాపరులకు అదే మేత. ఊరికి అదే శ్మశానం, అదే జాతర స్థలం, అదే చీపురుపుల్లలు, సీతాఫలాలు తెచ్చుకునే గుట్ట. తండాకు, వాడకు ఉన్న కాలిబాట వెబ్ మ్యాపులో ఉండదు. పేరు లేని చోట మనుషులు లేరనుకుంటాం. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు ఎందుకు రోడ్డెక్కారు? ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పంటభూములకు పారిశ్రామిక జోన్ రంగు పడిందని. ఆందోళన ముదిరింది, ఊరు అట్టుడికింది. ఆఖరికి మునిసిపల్ కౌన్సిలే ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. జగిత్యాలలోనూ అలాంటి గొడవే నడిచింది, అక్కడా వెనక్కి తీసుకున్నారు. ఆ రంగు వేసేముందు ఎవరైనా ఆ పొలం గట్టు మీద నిలబడి ఉంటే ఇంత మంట లేచేదా?

కలెక్టర్లకు, పట్టణ ప్రణాళిక అధికారులకు, సర్పంచులకు, కౌన్సిలర్లకు నా మనవి ఇది. మీ ముందుకు మ్యాపు వచ్చినప్పుడు అందంగా ఉందా అని చూడకండి. మూలన చూడండి. చిత్రం తేదీ ఉందా? స్కేలు ఉందా? డేటా ఎవరిది, ఎత్తుల్లో తేడా ఎంత? నేల మీద ఎవరు ఏ రోజు తనిఖీ చేశారు? ఇవి లేకపోతే వెనక్కి పంపండి. ఎవరూ తప్పుపట్టరు. వానాకాలంలో ఒకసారి స్థలానికి వెళ్లండి, ఎండాకాలంలో ఒకసారి వెళ్లండి. చెరువు నీళ్లు వదిలే నీరటికాడిని వెంట తీసుకెళ్లండి. ఆ పని వదిలేసిన ఊరైతే, ఒకప్పుడు తూము ఎత్తిన ముసలాయన ఎవరో అడిగి వెళ్లండి. అలుగు పారితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆయన వేలు చూపిస్తాడు. ఆ చోటును మ్యాపులో చుక్క పెట్టించి, ఆయన పేరు మీదే దస్త్రంలో రాయించండి. ముసాయిదాను వెబ్‌సైటులో పెట్టి చేతులు దులుపుకోకండి. పెద్ద కాగితం మీద ముద్రించి పంచాయతీ గోడకు, వార్డు ఆఫీసుకు అంటించండి. ఊరి గుడి, బడి, చెరువు పేర్లు తెలుగులో ఉండాలి. సర్వే నంబర్లు కళ్లజోడు లేకుండా చదవగలిగేంత పెద్దగా ఉండాలి. ఫోన్ లేని రైతుకు కూడా తన పొలం ఏ రంగులో పడిందో తెలియాలి కదా.

ఇల్లు కొనేవాళ్లూ, మీరు కనిపెట్టాల్సిన ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. వెంచరు బ్రోచరులో మ్యాపు ఉండి తేదీ లేకపోతే అనుమానించండి. పక్క స్థలాల కంటే ధర బాగా తక్కువగా ఉంటే కారణం వెతకండి. ప్లాట్లకు కొత్త మట్టి పోసి, చుట్టూ పాత నేల పల్లంగా ఉంటే ఆగండి. తుంగ, జమ్ము మొలిచి ఉంటే ఆగండి. పాత ఇళ్ల గోడల మీద నీటి మరక ఏ ఎత్తులో ఉందో చూడండి. బోరు లోతు తక్కువే, ఇరవై అడుగులకే నీళ్లని గొప్పగా చెబుతున్నారంటే అదీ ఒక సూచనే. రింగు రోడ్డు అలైన్‌మెంట్ ఇదేనంటూ తిరిగే మ్యాపుల్ని నోటిఫికేషన్‌తో సరిపోల్చకుండా నమ్మకండి. మీ పిల్లల చదువుల డబ్బు అందులో పెడుతున్నారు.

మీ ఊరి ముసాయిదా ప్లాన్ వచ్చిందంటే అభ్యంతరాల గడువు నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. ఆ గడువు దాటితే మాట చెల్లదు. మ్యాపు తప్పని ఊరికే రాస్తే పక్కన పడేస్తారు. సర్వే నంబరు రాయండి. అక్కడ చెరువో, వాగో, శ్మశానమో ఏముందో రాయండి. ఏ ఏడాది, ఏ నెలలో నీళ్లు వచ్చాయో, గుమ్మం దాకానా, కిటికీ దాకానా అన్నది రాయండి. గోడ మీది మరక ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి జతచేయండి. పాత టోపోషీటు ముక్క ఒకటి, వానాకాలం ఉపగ్రహ చిత్రం ఒకటి తేదీతో సహా పెట్టండి. ఇరుగుపొరుగు నలుగురు కలిసి సంతకాలు చేయండి. ఈమెయిల్ పంపినా సరే, కాగితం మీద కూడా ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేసిన రసీదు తీసుకుని దగ్గర పెట్టుకోండి. రసీదు ఇవ్వబోమంటే స్పీడ్ పోస్టులో పంపి ఆ చీటీ దాచండి.